పిల్లల కార్టెక్స్ న్యూక్లియైలో ‘సగం న్యూరాన్, సగం ఆలిగో’ క్లస్టర్: ఇది ఎదుగుదల దశా, కల్తీయా?

కార్టెక్స్_12 అడిగారు:

నమస్కారం అండి. మెదడు కణాల న్యూక్లియైని (కణ కేంద్రకాలను) ఒక్కొక్కటిగా తీసుకుని, వాటిలో ఏ జీన్ల ఆర్ఎన్ఏ ఎంత ఉందో చదువుతున్నాం. 12 మంది డోనర్లు, రెండు నెలల పసిబిడ్డ నుంచి 14 ఏళ్ల వయసు దాకా. అన్నీ మరణానంతరం సేకరించి మైనస్ 80 డిగ్రీల్లో దాచిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ముక్కలు, బ్రాడ్మన్ 9వ ప్రాంతం. మొదటి విడతలో మూడేళ్ల లోపు ఆరుగురివి అయ్యాయి. ఒక్కో డోనర్‌కి 40 మిల్లీగ్రాములు, డౌన్స్ హోమోజినైజర్ (ముక్కను నలిపే గాజు పరికరం), 0.1 శాతం ట్రైటాన్ (కణ పొరను కరిగించే డిటర్జెంట్), 40 మైక్రాన్ల ఫిల్టర్, రెండు వాష్‌లు, ఆ తర్వాత నేరుగా టెన్ఎక్స్ 3-ప్రైమ్ వెర్షన్ 3.1 కిట్ (ఒక్కో న్యూక్లియస్‌ని ఒక్కో చిన్న బిందువులో, అంటే డ్రాప్లెట్‌లో, పట్టి చదివేది). లేన్‌కి ఒక డోనర్, 10,000 న్యూక్లియై లక్ష్యం. సుక్రోజ్ కుషన్ (చెత్తను వేరుచేసే చిక్కటి చక్కెర ద్రావణపు పొర) వేయలేదు, సార్టింగ్ (యంత్రంతో న్యూక్లియైని ఏరడం) లేదు. ఐదేళ్లు దాటిన ఆరుగురు రెండో విడతకు మిగిలి ఉన్నారు.

అనుమానాలు ఇవి. ఒకటి, ఆలిగోడెండ్రోసైట్లకూ (నరాల చుట్టూ మైలిన్ పొర చుట్టే గ్లియా కణాలు, పొట్టిగా ఆలిగో) న్యూరాన్లకూ మధ్య ఒక క్లస్టర్ (ఒకే తీరు జీన్లు ఉన్న న్యూక్లియై గుంపు) పడుతోంది. అందులో ఆలిగో జీన్లు ఎంబీపీ, పీఎల్పీ1 ఉన్నాయి, వాటితోపాటు న్యూరాన్ జీన్లు ఎస్‌వైటీ1, స్నాప్25 కూడా ఉన్నాయి. పసిపిల్లల మెదడు కాబట్టి ఇంకా పరిపక్వం కాని ఆలిగో అనుకోవచ్చా? రెండు, ఆరు నెలల లోపు డోనర్లలో పీవాల్బ్ ఇంటర్న్యూరాన్లు (పీవాల్బ్ జీన్ ఉండే, పక్క న్యూరాన్లను అదుపు చేసే న్యూరాన్లు) దాదాపు లేవు, తర్వాత పెరుగుతున్నాయి. అవి పుట్టిన తర్వాత తయారవుతున్నాయా? మూడు, రెండో విడతలో ప్రోటోకాల్‌లో ఏం మార్చాలి?

గ్లియా నోట్స్:

మొదటి ప్రశ్నకు: కల్తీ అనే అనుమానంతోనే మొదలుపెట్టండి. అది కాదని రుజువైతేనే దశ అని పిలవండి. 2022లో న్యూరాన్ పత్రికలో చాగ్లయన్ బృందం సరిగ్గా ఈ విషయమే చూపించింది. అంతకుముందు కొన్ని మెదడు డేటాసెట్లలో ‘అపరిపక్వ ఆలిగో’ అని పేరు పెట్టిన న్యూక్లియై నిజానికి న్యూరాన్ల యాంబియంట్ ఆర్ఎన్ఏ (పగిలిన కణాల నుంచి చింది బఫర్‌లో తేలే ఆర్ఎన్ఏ) అంటుకున్న గ్లియా న్యూక్లియై.

అలా ఎందుకు జరుగుతుందంటే, కార్టెక్స్ కణాల్లో ఆర్ఎన్ఏ ఎక్కువగా ఉండేది న్యూరాన్లలో. డౌన్స్‌లో కణాలు పగలగానే సైటోప్లాజంలో ఉన్న ఎస్‌వైటీ1, స్నాప్25 లాంటివి బఫర్‌లోకి వచ్చి ప్రతి డ్రాప్లెట్‌లోకీ కాస్త కాస్త చేరతాయి. న్యూరాన్ న్యూక్లియస్‌లో ఆ కాస్త కనపడదు, దాని సొంత ఆర్ఎన్ఏ అంత ఉంటుంది. గ్లియా న్యూక్లియస్‌లో సొంతంగా దొరికే జీన్లు చాలాసార్లు వెయ్యి లోపే. దాని మీద ఇదే పరిమాణం పడితే గుర్తింపే మారిపోతుంది. దీనికి తోడు ఎక్కువమంది క్వాలిటీ ఫిల్టర్ ‘కనీసం 1,000 జీన్లు’ అని అన్ని కణాలకూ ఒకే గీత గీస్తారు. శుభ్రంగా ఉన్న గ్లియా ఆ గీత దాటలేక పోతుంది, కల్తీ అయిన గ్లియా దాటి నిలుస్తుంది. అంటే ఫిల్టరే కల్తీని ఏరి పెడుతోంది. గీత కణజాతిని బట్టి గీయాలి. మొదట 300 నుంచి 500 జీన్ల దగ్గర వదులుగా పెట్టి, క్లస్టర్లు వచ్చాక దేనికది బిగించండి.

మీ డేటాలోనే తేల్చుకోవడానికి నాలుగు చూపులు చాలు.

అదే లేన్‌లో ఖాళీ డ్రాప్లెట్లను, అంటే 10 నుంచి 100 యూఎంఐలు (లెక్కకు వచ్చిన ఆర్ఎన్ఏ అణువులు) ఉన్నవాటిని, కలిపి ఎక్కువగా వచ్చే జీన్ల వరస రాయండి. మీ క్లస్టర్‌లో ‘అదనంగా’ కనిపించిన న్యూరాన్ జీన్ల వరస దానితో కలిస్తే అది యాంబియంటే.

రెండోది ఇంట్రాన్ (స్ప్లైసింగ్‌లో కత్తిరించి తీసేసే భాగం) రీడ్ల వాటా. న్యూక్లియస్ నుంచి వచ్చిన ఆర్ఎన్ఏలో స్ప్లైసింగ్ కానిది ఎక్కువ, సైటోప్లాజం నుంచి చిందినదానిలో తక్కువ. ఆ క్లస్టర్‌లో ఈ వాటా మిగతా ఆలిగోల కన్నా స్పష్టంగా పడిపోతే జవాబు అక్కడే దొరికింది. రీడ్లను లెక్కించే టెన్ఎక్స్ సాఫ్ట్‌వేర్ సెల్ రేంజర్ 7.0 నుంచి ఇంట్రాన్లను డిఫాల్ట్‌గా లెక్కిస్తుంది. పాత వెర్షన్ అయితే ఆ ఆప్షన్ విడిగా ఇవ్వాలి, లేకపోతే న్యూక్లియై డేటాలో సగం సమాచారం గంగలో కలుస్తుంది.

మూడోది డబ్లెట్ (ఒకే డ్రాప్లెట్‌లో పడిన రెండు న్యూక్లియై) కాదని చూడటం. డబ్లెట్ అయితే అందులోని న్యూరాన్ ఒక నిర్దిష్టమైన న్యూరానే అయి ఉంటుంది, ఉదాహరణకు కక్స్2 ఉన్న పైపొరల ఎక్సైటేటరీ న్యూరాన్. యూఎంఐలు కూడా రెండు కణాల మొత్తంలా ఉంటాయి. యాంబియంట్‌లో అన్ని న్యూరాన్ల కలగాపులగం కనిపిస్తుంది, యూఎంఐలు గ్లియా స్థాయికి కాస్త పైనే ఉంటాయి. మీ కిట్‌లో 10,000 న్యూక్లియైకి డబ్లెట్లు 8 శాతం దాకా వస్తాయి కాబట్టి రెండూ కలిసి ఉండటానికి కూడా అవకాశం ఉంది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. నిజమైన మధ్య దశకు దాని సొంత గుర్తులు ఉంటాయి. ఓపీసీ (ఆలిగోగా మారబోయే కణం) దశ దాటి ఆలిగో వైపు మళ్లిన కణంలో పీడీజీఎఫ్ఆర్ఏ తగ్గుతుంది, జీపీఆర్17, బీకాస్1, ఈఎన్‌పీపీ6 పెరుగుతాయి. మూడేళ్ల లోపు పిల్లల్లో ఈ కణాలు పెద్దవాళ్లలో కన్నా ఎక్కువగా దొరకడం సహజం, మైలిన్ జోరుగా పరుచుకునే వయసు అదే. మీ క్లస్టర్‌లో జీపీఆర్17 లేదు, న్యూరాన్ జీన్లు మాత్రం ఉన్నాయి అంటే అసలు దశ వేరే చోట, ఓపీసీల పక్కన, చిన్న గుంపుగా ఉండి ఉంటుంది. దాన్ని వెతకండి. పిల్లల మెదడులో చూడవలసిన కణం అది.

యాంబియంట్‌ని తగ్గించే సాఫ్ట్‌వేర్ సెల్‌బెండర్‌ని లేన్ వారీగా నడపండి, ఆ తర్వాత ఎస్సీడీబీఎల్‌ఫైండర్ లాంటి డబ్లెట్ సాధనం. లేన్లన్నీ కలిపాక డబ్లెట్లు వెతకడం తప్పు, రెండు వేరు లేన్ల కణాలు ఒకే డ్రాప్లెట్‌లో పడవు.

ఐస్‌బకెట్:

విశ్లేషణ సంగతి పైన వచ్చింది, నేను బెంచ్ దగ్గరి సంగతి చెప్తాను. సాఫ్ట్‌వేర్ యాంబియంట్‌ని తగ్గిస్తుంది, తీసేయదు. తీయాల్సింది ఐస్ మీదే.

40 మిల్లీగ్రాములు ఎక్కువ. పసిపిల్లల కార్టెక్స్‌లో కణాల మధ్య అల్లిక ఇంకా పెరగలేదు, అందుకే అదే బరువులో న్యూక్లియై ఎక్కువ వస్తాయి. పదేళ్ల పిల్లల్లో న్యూక్లియై తక్కువ, మైలిన్ చెత్త ఎక్కువ. ఒకే బరువు, ఒకే బఫర్ పెడితే రెండు నెలల ముక్క ఇరుకైపోయి యాంబియంట్ పెరుగుతుంది, పదేళ్ల ముక్క మైలిన్‌తో జిగటగా మారుతుంది. కాబట్టి బరువు కాదు, బఫర్‌కీ కణాలకూ ఉండే నిష్పత్తి సమానం చేయాలి. పసిపిల్లలకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు, పెద్ద పిల్లలకు 30, రెండింటికీ 2 మిల్లీలీటర్ల లైసిస్ బఫర్ అని మొదలుపెట్టి, లెక్క చూసి సవరించుకోండి.

బఫర్: సుక్రోజ్ 320 మిల్లీమోలార్, కాల్షియం క్లోరైడ్ 5, మెగ్నీషియం అసిటేట్ 3, ఈడీటీఏ 0.1, ట్రిస్ 10 (పీహెచ్ 8), డీటీటీ 1, అన్నీ మిల్లీమోలార్‌లోనే. ట్రైటాన్ 0.1 శాతం. డీటీటీ, ఆర్ఎన్ఏస్ ఇన్హిబిటర్ వాడే ముందే కలపాలి. ఇన్హిబిటర్ మైక్రోలీటర్‌కి 0.2 యూనిట్లకు తగ్గొద్దు, వాష్ బఫర్‌లో కూడా ఉండాలి. చాలామంది వాష్‌లో పొదుపు చేసి అక్కడే ఆర్ఎన్ఏ పోగొట్టుకుంటారు.

డౌన్స్‌లోని వదులు పెజిల్ (గాజు రోకలి)తో 10 నుంచి 15 సార్లు నలపండి, బిగువు పెజిల్‌తో మరో 10 నుంచి 15. పెజిల్ ద్రవం పైకి రాకూడదు, నురగ వచ్చిందంటే న్యూక్లియై చిరుగుతున్నాయి. ముక్క బఫర్‌లో పడ్డ క్షణం నుంచి ట్రైటాన్‌లో మొత్తం 5 నిమిషాలు దాటొద్దు. దాటితే పొర పలచబడి డీఎన్ఏ బయటికి వస్తుంది, న్యూక్లియై ఒకదానికొకటి అంటుకుంటాయి, పెల్లెట్ కదిపితే దారంలా సాగుతుంది. అలా సాగిన సాంపిల్‌ని చిప్‌లో వేయకండి, చానల్ మూసుకుపోతుంది.

తర్వాత కుషన్ తప్పనిసరి. 1.8 మోలార్ సుక్రోజ్ మీద పోసి 4 డిగ్రీల్లో సుమారు 1,07,000 జీ దగ్గర రెండున్నర గంటలు తిప్పడం పాత పద్ధతి, అందరికన్నా శుభ్రం. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ లేకపోతే లైసేట్‌ని 50 శాతం ఐయోడిక్సనాల్‌తో (సుక్రోజ్ బదులు వాడే చిక్కటి ద్రావణం) సమానంగా కలిపి 25 శాతం చేసి, 29 శాతం కుషన్ మీద పోసి, 13,500 జీ దగ్గర 20 నిమిషాలు తిప్పండి. మైలిన్ పైన తెట్టులా నిలుస్తుంది, దాన్ని ముందు తీసేసి, ట్యూబ్ గోడలు తుడిచి, చివర్లో పెల్లెట్ దగ్గరికి వెళ్లండి. తెట్టు తీయకుండా పైనున్న ద్రవం వంపేస్తే అదంతా గోడ వెంట జారి పెల్లెట్ మీదికే దిగుతుంది.

పెల్లెట్‌ని 1 శాతం బీఎస్ఏ (ఒక ప్రోటీన్) ఉన్న పీబీఎస్ (ఉప్పు బఫర్)లో, వెడల్పు నోటి టిప్‌తో కలపండి. వోర్టెక్స్ వద్దు. లెక్కకు ట్రిపాన్ బ్లూ వాడకండి, చెత్తను కూడా న్యూక్లియైగా లెక్కేస్తుంది. డాపీ (డీఎన్ఏకి అంటుకునే మెరిసే రంగు) వేసి ఫ్లోరెసెన్స్‌లో లెక్కపెట్టి, 40ఎక్స్ కింద అంచులు చూడండి. గుండ్రంగా, పదునైన అంచు ఉండాలి. అంచు మసకగా ఉబ్బినవి నాలుగో వంతు దాటితే ఆ సాంపిల్ ఆపేసి కొత్త ముక్కతో మళ్లీ చేయడం మేలు.

ఇంకొకటి. ముక్క కోసేటప్పుడు కరగనివ్వకండి. డ్రై ఐస్ మీద లేదా మైనస్ 20 క్రయోస్టాట్‌లోనే కోయాలి. ఒకసారి మెత్తబడిన బ్లాక్‌ని మళ్లీ మైనస్ 80లో పెడితే, తర్వాతిసారి వచ్చేది ఎక్కువగా యాంబియంటే.

పొరలు:

పీవాల్బ్ గురించి. కార్టెక్స్ న్యూరాన్లు పుట్టిన తర్వాత కొత్తగా తయారు కావని 2006లో కార్బన్-14 కొలతలతో తేలింది. ఫ్రంటల్ లోబ్‌లోకి ఇంటర్న్యూరాన్లు పుట్టిన మొదటి నెలల్లో ఇంకా వలస వస్తూ ఉంటాయని 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. వలస వేరు, పుట్టుక వేరు. మీకు కనిపిస్తున్న పెరుగుదలలో పెద్ద భాగం ఈ రెండూ కాదు. కణం ముందే అక్కడ ఉంది, పీవాల్బ్ అనే జీన్ ఆలస్యంగా వెలుగుతోంది. మార్కర్ పెరిగితే కణాలు పెరిగినట్టు రాయడం ఈ రంగంలో మామూలుగా జరిగే పొరపాటు.

కాబట్టి వయసుతో మారే జీన్‌తో కణానికి పేరు పెట్టకండి. ఎల్‌హెచ్ఎక్స్6, సాక్స్6 జీన్లు ఉన్న ఇంటర్న్యూరాన్లన్నిటినీ ముందు ఒక కుటుంబంగా తీసుకోండి. అందులో ఎస్ఎస్‌టీ ఉన్నవి చిన్న వయసులోనే బాగా కనిపిస్తాయి. మిగిలిన భాగాన్ని పీవాల్బ్ కాబోయేవి అని తాత్కాలికంగా పిలిచి, పెద్ద పిల్లల డేటాతో కలిపి చూసి ఖాయం చేయండి. పెద్దవాళ్ల రిఫరెన్స్ నుంచి లేబుల్ ట్రాన్స్‌ఫర్ చేస్తే రెండు నెలల న్యూక్లియస్‌కి కూడా ఏదో ఒక పెద్దవాళ్ల పేరు అంటించేస్తుంది. స్కోరు తక్కువ వచ్చినవాటిని ‘తేలనివి’గానే వదలండి. పోల్చుకోవడానికి 2022లో హెరింగ్ బృందం ఇచ్చిన ప్రీఫ్రంటల్ డేటా సరిపోతుంది, గర్భంలో 22వ వారం నుంచి 40 ఏళ్ల దాకా ఉంది. 2023లో వెల్మెషెవ్ బృందం సైన్స్‌లో ఇచ్చినది ఇంకా పెద్దది, 7 లక్షలకు పైగా న్యూక్లియై. ఐఐటీ మద్రాస్ 2024లో విడుదల చేసిన ‘ధరణి’ చాలా గొప్ప అట్లాస్, కానీ అది గర్భస్థ శిశువు రెండో త్రైమాసికానిది. పుట్టిన తర్వాతి పొరలకు దాన్ని కొలబద్దగా వాడకండి.

సూడోటైమ్ (కణాలను ఎదుగుదల క్రమంలో వరసపెట్టే గీత) గీస్తే దాని అర్థం జాగ్రత్తగా రాయండి. రెండు నెలల నుంచి 14 ఏళ్లకు న్యూరాన్లలో వచ్చే గీత అదే కణం ముదరడం, ఒక కణం నుంచి మరో కణం పుట్టడం కాదు. ఓపీసీ నుంచి ఆలిగోకి మాత్రం నిజమైన వంశక్రమం ఉంది. ఆర్ఎన్ఏ వెలాసిటీ (స్ప్లైస్ కాని ఆర్ఎన్ఏ వాటాను బట్టి కణం ఎటు మారుతోందో ఊహించే లెక్క) జోలికి వెళ్లకపోవడమే మంచిది. న్యూక్లియస్‌లో స్ప్లైస్ కాని ఆర్ఎన్ఏ సహజంగానే ఎక్కువ, ఆ లెక్క గంటల్లో జరిగే మార్పులకు చేసినది. ఏళ్ల తరబడి సాగే మార్పుకు ఆ బాణాలు ఎటు చూపినా నమ్మలేం.

కోసే చోటు కూడా చూడండి. పసిపిల్లల్లో మైలిన్ లేక బూడిద పదార్థానికీ తెల్ల పదార్థానికీ తేడా కంటికి సరిగా ఆనదు. కింద తెల్ల పదార్థం తగులుకుంటే ఒక్కసారిగా గ్లియా పెరిగి, దాన్ని వయసు ప్రభావం అనుకుంటారు. ప్రతి బ్లాక్ నుంచి ఒక సెక్షన్‌కి నిస్సల్ స్టెయిన్ (న్యూరాన్లు కనిపించేలా చేసే రంగు) వేసి, ఆరు పొరలూ కనిపించిన చోటే, పైపొర నుంచి అడుగు దాకా నిలువుగా తీయండి.

కార్టెక్స్_12:

అందరికీ ధన్యవాదాలు. ఖాళీ డ్రాప్లెట్ల వరస చూశాం, క్లస్టర్‌లోని న్యూరాన్ జీన్లతో దాదాపు అలాగే కలిసింది, ఇంట్రాన్ వాటా కూడా తక్కువే. జీపీఆర్17 ఉన్న చిన్న గుంపు ఓపీసీల పక్కన ఉంది. అయితే మిగతా ఆరుగురికి న్యూన్ (న్యూరాన్ న్యూక్లియస్‌లో ఉండే ప్రోటీన్) సార్టింగ్ పెట్టి, నెగెటివ్ న్యూక్లియైని విడిగా నడిపితే గ్లియా శుభ్రంగా వస్తుందా?

ఐస్‌బకెట్:

వస్తుంది. న్యూరాన్లను ముందే వేరు చేస్తే గ్లియా మీద పడే న్యూరాన్ యాంబియంట్ బాగా తగ్గుతుంది. ఏ60 క్లోన్ యాంటీబాడీ, 1:500, 4 డిగ్రీల్లో 30 నిమిషాలు, డాపీతో కలిపి. సార్టర్ నాజిల్ 70 లేదా 100 మైక్రాన్లు, సేకరించే ట్యూబ్‌లో బీఎస్ఏ, ఇన్హిబిటర్ ముందే పోసి ఉంచండి.

పొరలు:

ఇక్కడ ఒప్పుకోలేను, ఐస్‌బకెట్ గారూ. పెద్దవాళ్లకు సరే. పసిపిల్లల్లో ఇంకా ముదరని న్యూరాన్లకు న్యూన్ సరిగా పట్టదు, వలస వచ్చే ఇంటర్న్యూరాన్లు నెగెటివ్ వైపు పడిపోతాయి. పాజిటివ్ గేట్ మాత్రమే న్యూరాన్లు అనుకుంటే ఏ కణాల కోసం పసివయసు ముక్కలు తెచ్చామో అవే జారిపోతాయి. గేట్ గీసే చోటు కూడా వయసును బట్టి కదులుతుంది. గ్లియానే కావాలంటే సాక్స్10 లేదా ఆలిగ్2 యాంటీబాడీతో పాజిటివ్‌గా ఏరండి, రెండూ న్యూక్లియస్‌లో ఉండే ప్రోటీన్లే.

ఐస్‌బకెట్:

ఆ మాట నిజం, రెండేళ్ల లోపు వాళ్లకు న్యూన్ గేట్ మీద ఆధారపడకూడదు. అయితే ఇలా చేద్దాం: అందరికీ కుషన్ తర్వాత డాపీతో మాత్రమే సార్ట్ చేసి మొత్తం న్యూక్లియైని ఒక లేన్‌లో, మిగిలిన సస్పెన్షన్‌లో సాక్స్10 పాజిటివ్‌ని ఇంకో లేన్‌లో. కణాల నిష్పత్తులు మొదటిదాని నుంచే తీయాలి. రెండోది ఆలిగో దశలను దగ్గరగా చూడటానికి.

సూడోబల్క్:

ఇంతకన్నా పెద్ద ప్రమాదం మీ మొదటి పేరాలోనే ఉంది. చిన్నవాళ్లు ఆరుగురు ఒక విడత, పెద్దవాళ్లు ఆరుగురు ఇంకో విడత. పైగా రెండో విడతకు ప్రోటోకాల్ కూడా మారుస్తున్నారు. అలా చేస్తే వయసు, విడత, కుషన్ మూడూ ఒకే గీత మీద ఉంటాయి. ఏ మోడల్ వాటిని విడదీయలేదు. హార్మనీ లాంటి సాఫ్ట్‌వేర్ విడత తేడా తీస్తే దానితోపాటు వయసు తేడా కూడా పోతుంది, తీయకపోతే అంతా వయసు తేడాలా కనిపిస్తుంది.

మొదటి ఆరుగురి బ్లాక్‌లలో 20 మిల్లీగ్రాములు మిగిలి ఉన్నా అందరినీ కొత్త ప్రోటోకాల్‌తో మళ్లీ చేయండి. నలుగురేసి డోనర్ల న్యూక్లియై కలిపి మూడు పూల్‌లు, ప్రతి పూల్‌లో ఇద్దరు చిన్నవాళ్లు, ఇద్దరు పెద్దవాళ్లు, ఆడమగ కలిసేలా. డోనర్లను విడదీయడానికి సూపోర్‌సెల్ లేదా విరియో (జన్యు తేడాలను బట్టి డోనర్‌ని గుర్తించే సాధనాలు). ఎక్సిస్ట్, యూటీవై జీన్లతో ఆడమగ సరిచూస్తే ట్యూబుల తారుమారు వెంటనే దొరుకుతుంది. నలుగురు సమానంగా ఉంటే ప్రతి నాలుగు డబ్లెట్లలో మూడు ఇద్దరు వేరు డోనర్ల మధ్యవే కాబట్టి అవి జన్యు తేడాలతోనే బయటపడతాయి. పూల్‌లో యాంబియంట్ అందరికీ ఒకటే అవుతుంది, అది వయసు తేడాను కాస్త మసకబారుస్తుంది కానీ లేని తేడాను పుట్టించదు. ఈ రెండిట్లో మసకబారడమే నయం. ముక్క చాలకపోతే కనీసం ఇద్దరు చిన్నవాళ్లనైనా రెండో విడతలో మళ్లీ పెట్టండి, విడత తేడా కొలవడానికి వేరే దారి లేదు.

మీ ఎన్ (విడి సాంపిళ్ల సంఖ్య) 12, లక్ష న్యూక్లియై కాదు. ఒక్కో డోనర్‌లో ఒక్కో కణజాతి కౌంట్లు కూడి, ఎడ్జ్ఆర్ లేదా డీఈసెక్2 అనే గణాంక సాధనంతో పోలిక చేయండి. న్యూక్లియైని విడివిడి సాంపిళ్లుగా లెక్కేస్తే లేని తేడాలు వందల్లో వస్తాయి, 2021లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో స్క్వైర్ బృందం దీన్ని వివరంగా చూపింది. మైక్రోగ్లియా (మెదడులోని రోగనిరోధక కణాలు) లాంటి అరుదైన జాతిలో డోనర్‌కి 30 న్యూక్లియై కూడా లేకపోతే ఆ డోనర్‌ని ఆ పోలికలో వదిలేయండి. మైక్రోగ్లియా క్రియాశీలత గురించి న్యూక్లియై నుంచి ‘లేదు’ అని తేల్చకండి, ఆ జీన్లలో చాలావాటి ఆర్ఎన్ఏ సైటోప్లాజంలోనే ఎక్కువ.

వయసుని ఏళ్లలో కాదు, గర్భధారణ నుంచి లెక్కించిన రోజులకు లాగరిథమ్ తీసి వాడండి. రెండు నెలలకూ ఎనిమిది నెలలకూ మధ్య జరిగేది పదేళ్లకూ పదిన్నరేళ్లకూ మధ్య జరగదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఉంటే ఈ లెక్కలో తానే సర్దుకుంటుంది. నిష్పత్తుల విషయంలో, ఆలిగోలు పెరిగితే న్యూరాన్ల శాతం దానంతటదే తగ్గుతుంది. అందుకే ఇంటర్న్యూరాన్ల వాటాను మొత్తం న్యూరాన్లలో మాత్రమే లెక్కించండి.

డోనర్ పట్టికలో మరణ కారణం, మెదడు పీహెచ్, మరణం నుంచి గడ్డకట్టించే దాకా పట్టిన గంటలు, ఆర్ఐఎన్ (ఆర్ఎన్ఏ ఎంత చెడకుండా ఉందో చెప్పే స్కోరు) తప్పకుండా పెట్టండి. శిశువులు ఎక్కువగా ఒక రకం కారణంతో, పెద్ద పిల్లలు ఎక్కువగా ప్రమాదాల్లో పోతే అది కూడా వయసుతో ముడిపడుతుంది. చాలాసేపు ఆక్సిజన్ అందక పోయిన బిడ్డ కణాల్లో హెచ్ఎస్‌పీఏ1ఏ, ఫాస్ అనే ఒత్తిడి జీన్లు పెరిగి కనిపిస్తాయి, వాటిని ఎదుగుదల అనుకోకూడదు. మంచి సాంపిళ్ల లోటు పూడ్చడానికి మూర్ఛ శస్త్రచికిత్సలో తీసిన ముక్కల్ని ‘నార్మల్’గా కలపొద్దు, ఆ కార్టెక్స్ నార్మల్ కాదు. దానికి అనుమతి నియమాలు కూడా వేరు: ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతితోపాటు 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నోటిమాట అంగీకారం, 12 దాటితే రాతపూర్వక అంగీకారం కావాలి.

కార్టెక్స్_12:

నలుగురేసి పూల్‌లుగా మళ్లీ చేస్తాం. తొమ్మిది బ్లాక్‌లలో సరిపడా ఉంది, మూడింటిలో 25 మిల్లీగ్రాముల లోపే. జీపీఆర్17 గుంపుని స్లైడ్ మీద కూడా చూపించాలంటే ఆ మూడింటిని ఎలా పంచాలి?

గ్లియా నోట్స్:

స్లైడ్లు ముందు, న్యూక్లియై తర్వాత. బ్లాక్‌ని క్రయోస్టాట్‌లో బిగించి మొదట 10 మైక్రాన్ల సెక్షన్లు ఎనిమిది తీయండి: ఒకటి నిస్సల్‌కి, మూడు ఆర్ఎన్ఏస్కోప్‌కి (స్లైడ్ మీద ఒక్కో జీన్ ఆర్ఎన్ఏని మెరిసే ప్రోబ్‌లతో చూపించే పద్ధతి), నాలుగు నిల్వకి. వెంటనే అదే ముఖం నుంచి 100 మైక్రాన్ల సెక్షన్లు చల్లని ట్యూబ్‌లోకి, 15 మిల్లీగ్రాములు అయ్యేదాకా. ఎనిమిది సెక్షన్లు కలిపినా 80 మైక్రాన్లే, బరువులో పెద్దగా తగ్గదు. ప్రోబ్‌లు జీపీఆర్17, పీఎల్పీ1, ఎస్‌వైటీ1 మూడూ ఒకే సెక్షన్ మీద. మొదటి రెండూ ఒకే కణంలో ఉండి మూడోది పక్క కణంలో ఉంటే అది నిజమైన దశ. పిల్లల్లో లైపోఫస్సిన్ (వయసుతో కణాల్లో పేరుకుని తానే మెరిసే పదార్థం) తక్కువ కాబట్టి పెద్దవాళ్ల కార్టెక్స్‌లో లాగా దాని సొంత మెరుపు అంతగా ఇబ్బంది పెట్టదు, అయినా ప్రోబ్ లేని ఒక ఖాళీ చానల్ ఉంచుకోండి. నిల్వ స్లైడ్లను మైనస్ 80లో, డెసికెంట్‌తో సీలు వేసి పెట్టండి.